నలభై రెండో లోడ్

"ఈ కంప్యూటర్లో మీ ఆయన పేరుంటే నా మీసం తీయించుకుంటానమ్మా," అన్నాడు మేనేజర్ శివప్ప, మల్లీశ్వరి మొహం వైపు చూడకుండానే.

అతను చూడకపోవడాన్నే భారతి ముందుగా గమనించింది. నిజం చెప్పేవాడు ఏడుస్తున్న మనిషిని చూసి చెబుతాడు. శివప్ప గోడమీది క్యాలెండర్‌కి చెప్పుకుంటున్నాడు.

రాయదుర్గం బస్టాండు వెనక సందులో రెండు గదుల ఆఫీసు అది. బయట బోర్డు మీద 'బసప్ప లేబర్ సప్లయర్స్' అని ఉంది. వానలు మొహం చాటేసిన ఊళ్ళనుంచి కూలీలను లారీల్లో బెంగళూరు బిల్డింగు పనులకు తోలడం బసప్ప వ్యాపారం. కంబదూరు దగ్గరి పల్లెనుంచి మల్లీశ్వరి భర్త కుళ్లాయప్ప, శనక్కాయ పంట ఎండిపోయాక, శివరాత్రికి ముందు ఈ ఆఫీసు ముందరే లారీ ఎక్కాడు. వేసవి గడిచిపోయింది. జాబు లేదు, ఫోను లేదు. ఇక్కడికొచ్చి అడిగితే అలాంటి మనిషే మాకు తెలియదన్నారు.

భారతి అనంతపురంలో ఆరేళ్ళు కంప్యూటర్ పాఠాలు చెప్పింది. ఆ ఇన్‌స్టిట్యూట్ మూతబడ్డాక అదే మేడమీద డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకుంది. ఇంతవరకూ వచ్చినవన్నీ పెళ్ళి సంబంధాల ఎంక్వయిరీలూ, దొంగ సంతకాలూ. ఒక మనిషి బతికున్నాడా లేదా అని తేల్చాల్సిన కేసు ఇదే మొదటిది.

"కుళ్లాయప్ప మీ దగ్గరికి రాలేదంటారు. మరి ఆయన పేరు ఈ కంప్యూటర్లో ఉండాదని చెప్పింది మీ ఆపరేటరే కదా?" అంది భారతి.

శివప్ప ఉలిక్కిపడ్డాడు. "ఏ ఆపరేటర్?"

"కృపాకుమారి. పోయిన ఆదివారం మల్లీశ్వరిని వెతుక్కుంటూ పల్లెకు పోయింది. 'మీ ఆయన పేరు మా కంప్యూటర్లో ఉండాదక్కా, గట్టిగా అడుగు' అని చెప్పి, భయపడుతూ వెళ్ళిపోయింది."

"అది దొంగది!" లోపలి గదిలోంచి గొంతు వినిపించింది. "నాలుగు రోజుల కిందట ఆఫీసు సీడీలెత్తుకోని పారిపోయింది. దొంగ చెప్పిన మాట పట్టుకోని వచ్చినావా, టీచరమ్మా?"

ఆ గొంతును భారతి వెంటనే గుర్తుపట్టింది. ప్రతాప్. ఒకప్పుడు అనంతపురం జిల్లాలోనే పోలీసు. ఉద్యోగం వదిలేసి బెంగళూరులో ప్రైవేటు డిటెక్టివ్‌గా స్థిరపడ్డాడు. రెండేళ్ళ కిందట ఒక నూనె మిల్లు కేసులో ఇద్దరూ చెరో పక్షాన నిలబడ్డారు. గెలిచింది అతనే. ఆ గెలుపు ఇప్పటికీ అతని నడకలో కనబడుతుంది.

"మిమ్మల్ని ఎవరు పిలిచినారు?" అంది భారతి.

"బసప్ప. కృపాకుమారి యాడుండాదో కనుక్కోమన్నాడు. కనుక్కున్నా. నా పని అయిపోయింది, ఇచ్చే దుడ్లు తీసుకోని బెంగళూరు బస్సెక్కుదామని కూచున్నా." అతను వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. "నీ పని ఇంకా మొదలే కానట్టుంది."

"మొదలుపెట్టనిస్తే కదా. కంప్యూటర్ చూడాలి."

"బసప్పన్న లేడు మేడం," శివప్ప అడ్డం పడ్డాడు. "పొద్దున్నే పోయినాడు. ఆయనొచ్చినాక..."

"చూడనీ శివప్పా," ప్రతాప్ నవ్వాడు. "దాచేదేముండాది? నేను నిన్ననే చూసినా, ఆ పేరు లేదు. ఈమె కూడా చూసుకోని పోతే పీడ పోతుంది. బసప్పతో నేను మాట్లాడుకుంటాలే."

శివప్ప గుమ్మానికి అడ్డంగా నిలబడి, మళ్ళీ పక్కకు తప్పుకున్నాడు. దాచేదేమీ లేదని ప్రతాప్ నిజంగానే నమ్ముతున్నాడనీ, శివప్ప నమ్మడం లేదనీ ఆ ఒక్క క్షణంలో భారతికి తెలిసిపోయింది.

కంప్యూటర్ గదిలో ఒకటే బల్ల, ఒకటే కుర్చీ. భారతి కూర్చోకుండా ముందు చుట్టూ చూసింది. కుర్చీమీద పొట్టి మనిషి ఎత్తుకోసం వేసుకున్న మెత్త ఉంది, దానిమీద సన్నగా ఎర్రదుమ్ము పేరుకుంది. కృపాకుమారి నాలుగు రోజులుగా రావడం లేదన్నది నిజమే. కీబోర్డు మీద మాత్రం దుమ్ము లేదు. ప్రింటర్ కింద చెత్తబుట్టలో కాగితం అంచు ఒకటి, రంధ్రాలున్న పట్టీ, చించి పడేసి ఉంది. వేలితో తీసి చూసింది. తెల్లగా, మడత నలగకుండా ఉంది.

"ఈరోజు ఏం ప్రింటు తీసినారు?"

"ఏమీ తీయలేదు."

"మరి ఈ అంచు?"

"పాతది మేడం."

"నాలుగు రోజులు ఈ గదిలో పడుంటే ఇదీ ఆ మెత్త మాదిరే ఎర్రగా ఉండాల."

శివప్ప సమాధానం వెతుక్కుంటుండగా ఫ్యాను ఆగింది. మధ్యాహ్నం రెండింటికి పడే కరెంటు కోత. బల్లకింద యూపీఎస్ కీచుమని అరవడం మొదలుపెట్టింది.

"పది నిమిషాలొస్తే ఎక్కువ," అన్నాడు శివప్ప, కొంచెం సంతోషంగా. "రేపు రండి మేడం."

భారతి మెత్తను పక్కన పెట్టి కూర్చుంది.

యాక్సెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్లో చేసిన ప్రోగ్రాం అది. తెరవగానే ఒకటే ఫారం వచ్చింది. పట్టికలన్నీ కనబడకుండా మూసేశారు. ఫారంలో 'పేరు' అన్నచోట చిన్న బాణం గుర్తు ఉంది. దాన్ని నొక్కితే పేర్ల జాబితా కిందికి జారింది. కూలీల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, వరుస క్రమంలో ఉన్నాయి. ఒకసారికి ఎనిమిది పేర్లే కనిపిస్తాయి. కే అక్షరం దాకా దింపింది. కదిరప్ప, కొండప్ప, క్రిష్టప్ప... కుళ్లాయప్ప లేడు.

"చూసినావా?" అన్నాడు ప్రతాప్ వెనకనుంచి.

భారతి ఇంకా కిందికి దింపింది. కే అయిపోయి ఎల్ మొదలైంది. లోడ్ 01, లోడ్ 02, లోడ్ 03...

"ఇవేంటివి?"

"రాళ్ళ లోడ్లు మేడం. బసప్పన్న కంకర వ్యాపారం గూడా చేస్తాడు." శివప్ప చెయ్యి చాచి మౌస్ లాక్కున్నంత పనిచేసి, జాబితాను మూసేశాడు. "నలభై ఒక్క లోడు. అంతే. వాటితో మీకేం పని?"

"మనుషుల పేర్ల మధ్యలో రాళ్ళెందుకు పెట్టినారు?"

"ఆ పిల్ల అట్లా చేసింది. తెలివి తక్కువది."

తెలివి తక్కువ పిల్ల చేసిన పని కాదది. లోడ్ల నంబర్లకు ముందు సున్నా పెట్టి, పదో నంబరు రెండో నంబరుకన్నా ముందుకు రాకుండా జాగ్రత్తపడిన చెయ్యి అది. అలాంటి చెయ్యి రాళ్ళనూ మనుషులనూ ఊరికే కలపదు.

యూపీఎస్ అరుపు మధ్యలో భారతి 'లోడ్ 01'ను ఎంచుకుని, రెండు మీటలు కలిపి నొక్కింది. తెరమీద ఖాళీగా ఒక తెల్ల కిటికీ తెరుచుకుంది. పట్టికలకు తాళం వేసినవాళ్ళు దీన్ని మరిచిపోయారు. ఇందులో ప్రశ్న రాస్తే ప్రోగ్రాం జవాబు చెబుతుంది.

"ఏం చేస్తాండావు?" ప్రతాప్ దగ్గరికొచ్చాడు.

"ఈ జాబితాలో ఎన్ని నిలువు వరుసలుండాయో అడుగుతాండా. కంటికి ఒకటే కనబడుతుంది. వెడల్పు సున్నా అని పెడితే మిగతావి ఉన్నా కనబడవు."

ఆమె ప్రశ్న రాసి ఎంటర్ నొక్కింది. కింద జవాబు వచ్చింది: 4.

"కనబడేది ఒకటి," అంది భారతి. "ఉండేవి నాలుగు."

ప్రతాప్ నవ్వు కొంచెం తగ్గింది. "అయితే ఏమి? ఏవో కోడ్ నంబర్లుంటాయి."

"చూద్దాం."

లోడ్ 01 జాబితాలో ఎన్నోదని అడిగింది. 117 అని వచ్చింది. నలభై ఒక్క లోడ్లంటే 157 దాకా. అక్కడినుంచి ఇక్కడిదాకా ఒక్కొక్క అంశాన్నే తీసుకుని, దాని నాలుగు వరుసలనూ పక్కపక్కనే రాసుకుంటూ పొమ్మని ఒకే లైనులో ఆజ్ఞ రాసింది. ఒక చుక్క తప్పింది. ప్రోగ్రాం కసురుకుంది. వెనక ప్రతాప్ దగ్గాడు. ఆమె చుక్క సరిదిద్దింది. ఎంటర్.

తెల్ల కిటికీ అక్షరాలతో నిండిపోయింది.

మొదటి వరుసలో లోడ్ నంబరు. రెండో వరుసలో మనిషి పేరు, ఊరు. మూడో వరుసలో అన్నింటికీ ఒకటే మాట, క్వారీ-2, దాని పక్కన పంపిన తేదీ, టైము. నాలుగో వరుస ఎక్కువ చోట్ల ఖాళీ. కొన్నిచోట్ల మాత్రం 'క్లోజ్' అని, పక్కన ఇంకో తేదీ.

యూపీఎస్ ఒక్కటే అరుస్తోంది.

భారతి వేలు తెరమీద పరుగెత్తింది. "లోడ్ ఇరవై మూడు. కుళ్లాయప్ప. కంబదూరు మండలం. శివరాత్రికి రెండ్రోజుల ముందు."

మల్లీశ్వరి తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు రావు. భారతి చదివిన మాట ఆమె చెవిలో పడి, లోపలికి దిగడానికి కొంచెం సేపు పట్టింది.

"లోడా?" అంది. "నా మొగుడు లోడా అక్కా?" వెంటనే గొంతు మారింది. "బతికుండాడా?"

"ఆగు. నాలుగో వరుస ఖాళీగా ఉండాది. ఆ క్లోజ్ అంటే ఏందో తెలియాల." భారతి తల తిప్పింది. "శివప్పా, క్లోజ్ అంటే?"

"లెక్క క్లోజు. పని మానేసి ఊరికి పోయినోళ్ళు."

"అట్లాగా?" ఆమె క్లోజ్ ఉన్న పేర్లను పైకి చదవసాగింది. "నింబగల్లు రామాంజనేయులు. బెళుగుప్ప ఓబులేసు. కంబదూరు తిప్పయ్య..."

"తిప్పయ్య మామనా?" మల్లీశ్వరి గదిలోకి వచ్చేసింది. "మా వీధే అక్కా. ఆయప్ప ఊరికి పోలేదు. ఆయప్ప పీనిగె వచ్చింది. బెంగళూరులో మిద్దె మీదనుంచి పడినాడని చెప్పి, ఉగాది నాడు లారీలో తెచ్చి వాకిట్లో దింపి పోయినారు. మొగం గూడా చూడనీలేదు."

"క్లోజ్ తేదీ ఉగాదికి ముందురోజు," అంది భారతి నెమ్మదిగా. "బెంగళూరు మిద్దెమీద పడిన మనిషికి ఈడ క్వారీ అని ఎందుకు రాసినారు శివప్పా?"

శివప్ప గోడకు ఆనుకున్నాడు.

ఏడుగురు. భారతి రెండుసార్లు లెక్కపెట్టింది. నలభై ఒక్కమందిలో ఏడుగురు క్లోజ్. మిగతా వాళ్ళు, కుళ్లాయప్పతో సహా, ఇంకా ఆ క్వారీలోనే ఉండాలి.

"బతికుండాడు మల్లీశ్వరీ. ఈ కంప్యూటర్ చెప్పేదాన్నిబట్టి బతికే ఉండాడు."

మల్లీశ్వరి ఏడవలేదు. కొంగు నడుముకు బిగించి దోపుకుంది.

ప్రతాప్ గొంతు సవరించుకున్నాడు. "టీచరమ్మా, తొందరపడొద్దు. ఇదంతా ఆ కృపాకుమారి కల్పించి పెట్టుండొచ్చు. యజమాని మీద కసితో..."

"నాలుగు రోజులుగా రాని మనిషి, ఈ పొద్దు ఎట్లా ప్రింటు తీసింది?" భారతి చెత్తబుట్టలోంచి తీసిన అంచును బల్లమీద విసిరింది. "ఏదో ఒకటి ఈరోజే ఎక్కింది దీంట్లో. అదేదో ఈ నలభై ఒకటిలో లేదు. ఆఖరి తేదీ పోయిన నెలది."

అప్పుడు తట్టింది ఆమెకు. నలభై ఒకటి అన్న లెక్క శివప్ప చెప్పింది. తను జాబితా చివరిదాకా చూడనేలేదు. అతను మూసేశాడు.

యూపీఎస్ అరుపు మధ్య విరామం తగ్గిపోయింది. ఊపిరాడనట్టు గబగబా కీచుమంటోంది. భారతి ఇంకో లైను రాసింది. 158వ అంశం ఒక్కటే కావాలి. అక్కడ ఎం అక్షరంతో మొదలయ్యే కూలీ పేరు రావాలి, మద్దిలేటో మారెప్పో.

"మేడం, వద్దు," అన్నాడు శివప్ప. గొంతులో బెదిరింపు లేదు, వేడుకోలు ఉంది.

ఎంటర్.

లోడ్ 42. కృపాకుమారి, రాయదుర్గం. క్వారీ-2. ఈరోజు తేదీ. పదకొండూ ఇరవై.

భారతి కుర్చీని వెనక్కి తోసి లేచింది. ప్రతాప్ తెరమీదికి వంగి ఒకసారి చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఆమె యాడుండాదో కనుక్కున్నానని అంటిరి," అంది భారతి. "ఎప్పుడు చెప్పినారు బసప్పకి?"

ప్రతాప్ జేబులోంచి సెల్‌ఫోన్ తీసి, పొద్దున చేసిన కాల్స్ చూడసాగాడు.

"ఎప్పుడు ప్రతాప్ గారూ?"

"పదిన్నరకి." ఫోను చూసుకుంటూనే చెప్పాడు. "గుమ్మఘట్టలో వాళ్ళ చిన్నమ్మ ఇంట్లో దాక్కోనుండాది. ఫోన్ చేసి ఇల్లు గుర్తులు గూడా చెప్పినా. పోలీసులను తీసుకోని పోతానన్నాడు. నాతో అట్లనే అన్నాడు."

"పోలీసులను కాదు, లారీని తీసుకోని పోయినాడు."

ప్రతాప్ ఒక్క అడుగులో శివప్ప చొక్కా పట్టుకున్నాడు. "యాడుండాదిరా ఆ క్వారీ?"

"నాకు దావ తెలీదు సార్! మా అమ్మ మీద ఒట్టు! బసప్పన్నకు, డ్రైవర్ నాగన్నకు తప్ప ఎవురికీ తెలీదు. నేను చీటీ కొట్టిస్తానంతే. చీటీ లేకుంటే ఆ గేటులో మనిషిని దింపుకోరు. దీంట్లో ఎక్కిస్తేనే చీటీ వస్తాది. పొద్దున ఫోన్లో చెప్పినాడు, ఎక్కించినా, నాగన్న వచ్చి చీటీ తీసుకోని పోయినాడు."

"వదలండి," అంది భారతి. ఆమె కళ్ళు ఇంకా తెరమీదే ఉన్నాయి. లోడ్ 42 లైను కిటికీ అంచుదాకా పోయింది. నాలుగో వరుస చూడాలంటే పక్కకు జరపాలి. జరిపింది.

ఖాళీగా లేదు. 'క్లోజ్' అని ఉంది. దాని పక్కన తేదీ.

మళ్ళీ చూసింది. తేదీ ఈరోజుది కాదు. రేపటిది.

"శివప్పా, చచ్చిపోయిన వాళ్ళ తేదీలు చచ్చినాక రాసినావు. ఇంకా రాని తేదీ ఎట్లా రాసినావు?"

శివప్ప ఉన్నచోటే కింద కూలబడ్డాడు. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"రెండు తేదీలూ ఒకసారే చెప్పినాడు మేడం. చెప్పినట్టు కొట్టినా. ఎందుకన్నా అని అడిగినా. రేపు తెల్లారి ఆడ బ్లాస్టింగ్ ఉండాది, అన్నాడు."

యూపీఎస్ చివరిసారి సాగదీసి అరిచి ఆగిపోయింది. తెర నల్లబడింది.

ఆ నిశ్శబ్దంలో ప్రతాప్ సెల్‌ఫోన్ మోగింది. అతను నంబరు చూసి, భారతికి చూపించాడు. బసప్ప. ఆమె దగ్గరికొచ్చి ఫోనుకు చెవి ఆనించింది.

"ప్రతాపూ, ఆ అనంతపురం ఆడమనిషి ఆఫీసుకు వచ్చిందంట కదా, ఆమె రాంగానే శివప్ప ఫోన్ చేసి చెప్పినాడు. ఇంకా ఆడనే ఉండాదా?" గాలిహోరులో బసప్ప గొంతు తీరిగ్గా ఉంది.

ప్రతాప్ భారతి కళ్ళలోకి చూశాడు. ఆమె తలూపింది.

"ఉండాది."

"ఆ కంబదూరామె?"

"ఆమె గూడా."

"కదలనీయొద్దు. నాగన్న లోడు దించేసి బయలుదేరినాడు. నాలుగింటికి ఆడుంటాడు. ఇద్దరినీ ఎక్కించు. నీకిచ్చేది డబల్ చేస్తా."

"సరే," అన్నాడు ప్రతాప్. ఫోన్ జేబులో పెట్టుకుని భారతి వైపు తిరిగాడు. "మీరిద్దరూ ఇప్పుడే అనంతపురం బస్సెక్కండి. నేను ఈడ పోలీసుల దగ్గరికి పోతా."

"పోయి ఏం చెబుతారు? క్వారీ-2 అంటే యాడ అని వాళ్ళడిగితే? ఈ కొండల్లో, సరిహద్దుకు ఆ పక్కా ఈ పక్కా ఎన్ని క్వారీలుండాయి? తెల్లారేలోపల అన్నీ వెతుకుతారా?" భారతి కిటికీలోంచి ఖాళీగా ఉన్న రోడ్డును చూసింది. "దారి తెలిసిన మనిషి ఒకడు నాలుగింటికి తానే వస్తాండాడు."

ఆమె ఏం అంటోందో అర్థమయ్యాక ప్రతాప్ తల అడ్డంగా ఊపాడు. "పిచ్చా నీకు?"

"మీకు జీపుండాదా?"

"తెప్పిస్తా."

"ఈ కంప్యూటర్ పెట్టె వైర్లు పీకి జీపులో పెట్టుకోండి. పోలీసులకు ఇదే సాక్ష్యం. వాళ్ళను ఎక్కించుకోని, నేనెక్కిన లారీ వెనకాల రండి, దగ్గరికి రాకుండా, వదలకుండా. గేటు తెరిచినాక మీ ఇష్టం." ఒక్క క్షణం ఆగి అంది, "ఆ పిల్లను అప్పజెప్పింది మీరు. తెచ్చుకోవాల్సింది గూడా మీరే."

అతను మారు మాట్లాడకుండా బల్లకిందికి వంగి వైర్లు పీకసాగాడు.

"నువ్వు ఈడనే ఉండు మల్లీశ్వరీ," అంది భారతి.

"నేనుండను. నువ్వు నా మొగుణ్ణి ఎప్పుడన్నా చూసినావా అక్కా? ఆ రాళ్ళ దుమ్ములో అందరూ ఒకటే మాదిరి ఉంటారు. ఎవుడు కుళ్లాయప్పో నీకెట్లా తెలుస్తాది?" మల్లీశ్వరి అప్పటికే వాకిట్లో ఉంది. "వస్తా."

భారతి శివప్పను భుజం పట్టి లేపి, కుర్చీలో కూర్చోబెట్టింది.

"కరెంటు లేనప్పుడు చీటీలెట్లా ఇస్తారు?"

"చేత్తో రాస్తాం మేడం."

"రాయి. రెండు."

శివప్ప సొరుగులోంచి చీటీల పుస్తకం తీశాడు. పెన్ను రెండుసార్లు జారింది. లోడ్ నలభై మూడు అని రాసి, తలెత్తకుండా అడిగాడు.

"పేరు?"

"భారతి. ఊరు అనంతపురం," అంది ఆమె. "ఆఖరి గడి మాత్రం ఖాళీగా వదిలెయ్."